పరదేశ ప్రయాణము - ఒంటరి నిర్ణయము

బాన్సువాడనుండి గాని, చుట్టుపట్ల నున్న బీర్కూరు, నసురుల్లాబాదు, పిట్లము మండలములనుండి గాని, ఒక యువకుడు గల్ఫు దేశమునకు బయలుదేరునాడు ఆ యింటిముందర చిన్న జాతర జరుగును. అద్దె బండి వచ్చి నిలుచును. అక్కచెల్లెండ్రు, బావమరదులు, మేనమామలు, ఇరుగుపొరుగువారు చేరుదురు. తల్లి మామిడితొక్కు సీసాకు గుడ్డకట్టి పెట్టెలో సర్దును. పదిమంది కూడి శంషాబాదు విమానాశ్రయమువరకు పోయి, అద్దముల తలుపు వెనుక వాని చొక్కా కనుమరుగగువరకు నిలిచి మరలుదురు. ఇంతమంది సాగనంపిన ఈ పయనమును నిశ్చయించిన వేళ వానిప్రక్క నెందరుండిరి? ఒప్పందపు కాగితమును చదివిన దెవరు? అప్పుపత్రముమీద దస్తఖతు చేయునపుడు వడ్డీని నెలలచే గుణించి చూపిన దెవరు? మేము విన్నంతలో, కన్నంతలో, తరచుగా ఎవరును లేరు. సాగనంపుటకు ఊరంతయు కలదు. ఆలోచన చెప్పుటకు ఏజెంటొక్కడే కలడు. ఈ వారము మేము పాఠకులతో ముచ్చటింప దలచినది ఈ సంగతియే.

పోవలదని మేము చెప్పబోవుట లేదు. కడుపు నిండినవారు నీడపట్టున కూర్చుండి ఇతరులకు చేయు దేశాభిమానోపదేశములయందు మాకు మోజు లేదు. గూన పెంకుటిల్లు పోయి డాబా యింటిని కట్టినది ఆ సొమ్మే. చెల్లెలి పెండ్లి చేసినదియు, తమ్ముని ఇంజనీరింగు కళాశాలలో చేర్చినదియు ఆ సొమ్మే. ఏండ్లతరబడి ఎండలో ఇనుపకమ్ములు మోసి తండ్రి అప్పు తీర్చినవానికి పరదేశగమనమునందలి దోషములను మేము బోధింపబోము. పోవువాడు ఎరిగి పోవుచున్నాడా, ఎరుగక పోవుచున్నాడా యన్నదే మా ప్రశ్న.

విచిత్రమేమన, ఈ సీమ ఒకప్పుడు ఇతరులను తనకడకు రప్పించుకొన్న సీమ. మంజీరకు అడ్డుకట్ట వేయు పని 1923లో మొదలై 1931లో ముగిసి నిజాంసాగరు నిండగా, ఆ కాలువ నీటిని నమ్ముకొని కృష్ణా గోదావరీ తీరములనుండి రైతులు వచ్చి వర్ని, కోటగిరి, రుద్రూరు ప్రాంతములందు నేలలు కొని స్థిరపడిరి. వారు వచ్చినది ఒంటరిగా గాదు. ఆలుబిడ్డలతో, బంధువులతో, గుంపులు గుంపులుగా వచ్చిరి. వారు దిగిన తావులకు 'క్యాంపు' అని పేరు. ఆ పేర్లు నేటికిని నిలిచియున్నవి. నేడు మన యువకుడు ఎడారిలో నివసించు రేకులకొట్టమునకును క్యాంపనియే పేరు. ఆ క్యాంపులో సంసారములు మొలకెత్తినవి. ఈ క్యాంపులో ఒక్కొక్క గదికి ఆరుగురో ఎనమండుగురో మగవారు, ఒకదానిపై నొకటిగా నమర్చిన యినుపమంచములు, ప్రతి మంచమునొద్దను ఒక చరవాణి, దానిలో ఒక బిడ్డ బొమ్మ.

ఇట్టి తారుమారు ఎట్లు కలిగెను? కారణ మొక్కటి గాదు. నిజాంసాగరు తొలుత దాదాపు 30 టీఎంసీల నీటిని పట్టగలిగియుండెను. పూడిక చేరి అది 18 టీఎంసీలకు లోబడినది. బోధనులో 1930ల చివర వెలసి, ఆసియాలోనే పెద్దవానిలో నొకటియని పేరొందిన నిజాము చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతబడెను. దానితో చెరకు రైతును, బండివాడును, కూలివాడును దిక్కు వెదకుకొనిరి. తాతనాటి పది యెకరములు మనుమనికి ఎకరమున్నరగా మిగిలినవి. ఇవి యన్నియు నిజమే. కాని యింకొక నిజమును కూడ దాచక చెప్పవలెను. ఈ కాలువల క్రింద వరినాట్లు వేయుటకు నేడు బిహారు, వంగ దేశములనుండి కూలీలు రైలెక్కి వచ్చుచున్నారు. మన యువకుడు తన యూరి మడిలో దిగుటకు నామోషీపడి, మస్కటులో మరుగుదొడ్లు కడుగుటకు లక్ష రూపాయలు అప్పుచేసి పోవుచున్నాడు. దూరపు కొండలు నునుపనుట మనవారు ఊరక చెప్పిన మాట గాదు. అయినను నామోషీ యొక్కటియే వానిని తరుముచున్నదనుట అన్యాయము. మడిలో పని ఏడాదికి నలుబది, ఏబది దినములకు మించి దొరకదు, అప్పులవాడు తక్కిన దినములలోను వచ్చును.

తెలుగువారు సముద్రము దాటుట క్రొత్త గాదు. 1843లో కోరంగి ప్యాకెట్టను ఓడ గోదావరీ ముఖమునందలి కోరంగి రేవునుండి మనవారిని మారిషసు చెరకుతోటలకు కొనిపోయెను. 1860లో ట్రూరో యను ఓడ మద్రాసునుండి నేటాలునకు తొలి ఒప్పందపు కూలీలను చేర్చెను. ఆ కూలీలు వేలిముద్ర వేసిన కాగితమును 'గిరిమిటు' అనిరి. ఐదేండ్లు కట్టుబానిసత్వమని ఆ కాగితములో నున్నట్లు వేసినవానికి తెలియదు, వేయించినవానికి తెలియును. గోఖలే మహాశయుడు 1912లో ఈ పద్ధతిని రూపుమాపవలెనని శాసనసభలో తీర్మానము ప్రతిపాదింపగా ప్రభుత్వము దానిని ఓడించెను. దేశమంతట కోపము రగిలిన పిదప 1917లో గాని ఆ ఓడలు నిలువలేదు. రంగూను రేవులో బస్తాలు మోసిన మన కూలీలు 1930లో దొమ్మీలకు బలియైరి. 1942లో జపాను సేనలు వచ్చిపడగా, వేలకువేలు కాలినడకను కొండలు దాటుచు త్రోవలో రాలిపోయిరి.

ఇవి ఎక్కువగా సముద్రతీరమువారి కథలు. మన తెలంగాణమువారి త్రోవ బొంబాయి త్రోవ. ఆ నగరమున కామాఠిపుర మను పేట మన కామాఠీ పనివారి పేరనే వెలసినది. 1973 తరువాత చమురు ధర పెరిగి ఎడారి రాజ్యములు మేడలు కట్ట మొదలిడినప్పుడు ఆ బొంబాయి త్రోవయే అరబ్బు దేశముల త్రోవ యయ్యెను. నిజామాబాదు, కరీంనగరు జిల్లాల పల్లెలనుండి నలుబది, ఏబది యేండ్లుగా ఈ యాత్ర సాగుచునే యున్నది. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి యని తెలంగాణోద్యమకాలమున జనులు వల్లించిన మూడు మాటలలో ఈ చరిత్ర ఇమిడియున్నది. 2014లో రాష్ట్రము వచ్చెను. 2016లో బాన్సువాడ కామారెడ్డి జిల్లాలో చేరెను. దుబాయి బండి మాత్రము నిలువలేదు.

గిరిమిటు కాలమునకును నేటికిని భేదము లేదని మేమనము. భేదము చాల కలదు. నేడు చట్టము కలదు. 1983 నాటి వలసల చట్టము ప్రకారము, అనుమతిపత్రము లేనివాడు పరదేశోద్యోగమునకు జనమును చేర్చుట నేరము. పదవతరగతి ముగింపనివాడు గల్ఫు రాజ్యములు మొదలగు 18 దేశములకు కూలిపనికై పోవలెనన్నచో వలసాధికారి అనుమతి పొందవలెను. ఆ అధికారి కచేరి హైదరాబాదులో కలదు. అనుమతి గల ఏజెంటు సైతము పనివానివద్ద 30,000 రూపాయలును, దానిమీది పన్నును మించి పుచ్చుకొనరాదు. ఈ యంకెను మన పఠనాలయములలో నెన్నడైన ఎవరైన గోడమీద వ్రాసిరా? లక్షయు, లక్షన్నరయు ఇచ్చి పోయినవారిని మేమెరుగుదుము. అందులో 30,000 న్యాయమనియు, మిగిలినది దోపిడియనియు వారికి తెలియజెప్పినవారిని ఎరుగము.

ఏజెంటు చెప్పు మాటలకు ఒక నిఘంటువే కావలెను. 'కంపెనీ వీసా' యనగా ఫలాని సంస్థలో ఫలాని పని. 'ఆజాదు వీసా' యనగా పేరునకు స్వేచ్ఛ, నిజమునకు స్వేచ్ఛయు లేదు, పనియు లేదు. కాగితముమీద ఒక కఫీలు పేరుండును, పని మరియొకచోట వెదకుకొనవలెను, పట్టుబడినచో నేరము పనివానిదే. 'విజిటు వీసా' యనగా చుట్టపుచూపునకు పోవువాని కాగితము. దానిమీద పోయి పనిచేయుట అక్కడి చట్టమునకు విరుద్ధము. కఫీలును విడిచి పారిపోయినవానిని మనవారే 'ఖల్లివల్లి' యందురు. ఈ మాటలో ఒక ఎగతాళియు, ఒక భయమును కలిసియున్నవి. ఖల్లివల్లియైనవాడు జ్వరము వచ్చినను ఆసుపత్రికి పోవ జంకును. తండ్రి చనిపోయినను మరలి రాలేడు. 2013లో సౌదీ అరేబియా, 2018లోను 2024లోను కువైటును ఎమిరేట్లును క్షమాభిక్ష ప్రకటించినప్పుడు ఇట్టివారు వేలకొలది బయటపడి ఇంటిదారి పట్టిరి. ఎన్నియేండ్లు కష్టించినను కొందరి చేతిలో మిగిలినది ఔటుపాసు కాగితము మాత్రమే.

అచ్చటి చట్టములును మారుచున్నవి. కతారు రాజ్యము 2020లో యజమాని సమ్మతి లేకయే పని మారుటకు దారి తెరచెను. 2021 మార్చినుండి నెలకు 1,000 రియాళ్ల కనీస వేతనమును, వసతి చూపనిచో 500, తిండి పెట్టనిచో 300 రియాళ్లును ఇవ్వవలెనని శాసించెను. సౌదీ అరేబియాయు 2021లో కొన్ని సంకెళ్లు సడలించెను. చట్టము మారినంతనే యజమాని మారడు. పనివాని పాసుపోర్టును సొరుగులో దాచుకొను అలవాటు చట్టవిరుద్ధమైనను పోలేదు. అయినను, తనకొక హక్కు కలదని యెరిగినవాడు రాయబార కార్యాలయపు మెట్లెక్కును. ఎరుగనివాడు గదిలో కూర్చుండి ఏడ్చును.

ఇక లెక్క చూతము. కతారు కనీస వేతనమునే తీసికొందము. రియాలు రమారమి 24 రూపాయలనుకొన్నచో నెలకు 24,000. ఫోనునకు, సబ్బునకు, మందునకు ఆరువేలు పోయి 18,000 ఇంటికి పంపెననుకొందము. ఇంటిలో తల్లిదండ్రులు, భార్య, ఇద్దరు బిడ్డలు, వారికి 11,000. మిగిలిన 7,000 అప్పునకు. అప్పు లక్ష, వడ్డీ నూటికి రెండు రూపాయలు. మొదటినెల 7,000లో 2,000 వడ్డీక్రిందనే పోవును. ఇట్లు తీర్చుకొనుచు పోగా అప్పు తీరుటకు 17 నెలలు పట్టును. వడ్డీ మూడు రూపాయలైనచో 19 నెలలు. ఒప్పందము రెండేండ్లు. అనగా ఇరువదినాలుగు నెలలలో పదునేడు నెలలు అప్పులవానికొరకును, ఏడు నెలలు తనకొరకును పనిచేయుచున్నాడు. ఒక్క నెల జీతము ఆగినను, ఒక్కసారి కాలు విరిగినను ఈ యేడును హరించును. అదే యువకుడు చట్టము చెప్పిన 30,000తో, దానిమీది పన్నుతో పోయియున్నచో ఐదారు నెలలలో ఋణవిముక్తుడై యుండును. ఏజెంటు ఈ లెక్క వేయడు. వేయవలసిన వారము మనము.

అప్పుకంటెను బరువైన నిర్ణయములు కొన్ని కలవు. మన పల్లెలలో 'పోయేముందు పెండ్లి చేసి పంపుదము' అను వాడుక బలపడినది. కొడుకు దారి తప్పునేమో యని తల్లిదండ్రుల భయము. కట్నపు సొమ్ము ఏజెంటునకు సరిపోవునని మరియొక ఆలోచన. ఈ రెండవ ఆలోచనను బయటకు చెప్పరు గాని అది యున్నదని అందరెరుగుదురు. నెలదినములు కాపురము చేసి భర్త విమానమెక్కును. రెండేండ్లకొకమారు రెండునెలలు వచ్చును. ఇరువది యేండ్ల దాంపత్యములో కలిసియున్న కాలము రెండేండ్లకు మించని యిండ్లు కలవు. ఆ పిల్ల అత్తగారింట ఏ హోదాలో నున్నది? భర్త పంపు సొమ్ము మామగారి పేర వచ్చును; ఆమె చేతికి కూరగాయల ఖర్చు వచ్చును. నేల కుదువబెట్టునపుడు ఆమె నడుగరు. బిడ్డను ఏ బడిలో చేర్చవలెనో ఆమె యొక్కతెయే నిశ్చయింపవలెను, తప్పినచో నింద యొక్కతెయే మోయవలెను. పోయినవానిని ఒంటరియని జాలిపడుచున్నాము. ఇంటిలో మిగిలినదియు ఒంటరియే. భర్త పోకముందే భార్య పేర బ్యాంకు ఖాతా తెరచుటయు, భీమా కాగితములో ఆమె పేరు వ్రాయించుటయు, ఒప్పందపు ప్రతి యొకటి ఆమె పెట్టెలో నుంచుటయు పెద్ద సంస్కరణములు గావు, ఒక్క పూట పని. ఆ ఒక్క పూటకు ఎవరికిని తీరిక చిక్కుట లేదు.

'ఎప్పుడు మరలుదువు?' అను ప్రశ్నను ఎవరు నడుగరు. ఇల్లు కట్టిన పిదప, తరువాత చెల్లెలి పెండ్లి యైన పిదప, తరువాత బిడ్డ చదువు ముగిసిన పిదప యని గడువు జరుగుచు పోవును. ముప్పది యేండ్లవాడు ఏబది యేండ్లవాడై, చక్కెరవ్యాధితో, నడుమునొప్పితో దిగును. అప్పటికి వాని మాట ఆ యింటిలో చెల్లదు. వాని అలవాట్లు బిడ్డలకు క్రొత్త. ఇంటికి చుట్టమువలె వచ్చి చుట్టమువలెనే మిగిలిపోవును.

కొందరు పెట్టెలో వత్తురు. ఈ మాట వ్రాయుటకు చేయి రాదు గాని వ్రాయక తప్పదు. ప్రవాసీ భారతీయ బీమా యోజన యనునది 2003నుండి కలదు. వలసానుమతితో పోవువానికి రెండేండ్లకు 275 రూపాయలు, మూడేండ్లకు 375 రూపాయలు చెల్లించినచో ప్రమాదమున మరణించినప్పుడు 10 లక్షల రూపాయలు కుటుంబమునకు వచ్చును. విజిటు వీసామీద పోయినవానికి ఈ రక్షణ లేదు. పోయినవారిలో పలువురు మండుటెండలో పనిచేసి రాత్రి పడుకొని తెల్లవారి లేవనివారు. గుండె యాగినదని కాగితముమీద వ్రాయుదురు. అది ప్రమాదము గాదు గనుక పది లక్షలు రావు. ఇట్టివారి కుటుంబములకొరకే తెలంగాణ ప్రభుత్వము 2024లో 5 లక్షల రూపాయల సహాయమును ఉత్తరువు చేసినది. ఆ యుత్తరువును మేము హర్షించితిమి. కాని చనిపోయిన పిదప అక్కరకు వచ్చు సర్కారు, పోవుటకు ముందు కనబడకుండుట యేల?

కేంద్రప్రభుత్వమును ఒక సంగతి అడుగవలసియున్నది. 2020 సెప్టెంబరులో, మహమ్మారి నడుమ, గల్ఫు దేశములకు పోవు మన కార్మికుల కనీస వేతనపు ప్రమాణమును విదేశాంగశాఖ నూటికి 30 మొదలు 50 వంతుల మేరకు తగ్గించెను. ఉద్యోగములు పోకుండుటకై యని సమాధానము. తన పనివాని ధరను తానే తగ్గించి అంగడిలో నిలిపిన ప్రభుత్వమును ఏమనవలెనో పాఠకులే చెప్పుదురు గాక. తెలంగాణ హైకోర్టులో వ్యాజ్యము పడినది. 2021లో ఆ తగ్గింపును వెనుకకు తీసికొనిరి. 1983 చట్టమునకు బదులు క్రొత్త శాసనపు చిత్తును 2021లో ఒకమారు, 2025లో మరియొకమారు జనాభిప్రాయమునకై ప్రకటించిరి. బాన్సువాడ జనాభిప్రాయము ఢిల్లీకి చేరినదా? ఆంగ్లములోనున్న ఆ చిత్తును తెలుగుచేసి ఇచ్చటి పఠనాలయములకు పంపినవారు ఎవరైనను కలరా?

రాష్ట్రప్రభుత్వమునకు టామ్‌కామ్ అను సొంత సంస్థ కలదు. దళారి లేకుండ పరదేశోద్యోగములు చూపుట దాని పని. జపానుకు, జర్మనీకి నర్సులను సిద్ధపరచుచున్నది. మంచిదే. కాని దాని కచేరి హైదరాబాదులో నున్నది. ఉపఏజెంటు బాన్సువాడ హోటలులో చాయి త్రాగుచున్నాడు. వానికి మన యువకుని తండ్రి పేరు తెలియును, అప్పు తెలియును, అవసరము తెలియును. సర్కారువారు నెలకొక్క దినము, సంత జరుగు దినముననే, ఒక అధికారిని ఇచ్చటికి పంపి కూర్చుండబెట్టలేరా? వలసానుమతి, ఏజెంటు అనుమతిపత్రపు సంఖ్య, భీమా, ఈ మూడును అక్కడికక్కడ సరిచూచి చెప్పగలిగినచో సగము మోసము ఆ బల్లయొద్దనే ఆగిపోవును.

సర్కారు కదలువరకు మనము వేచియుండ నక్కరలేదు. పఠనాలయమునకు సాయంకాలము వచ్చి పత్రికలు తిరుగవేసి, దేశదేశముల రాజకీయములు చర్చించి పోవు పెద్దలారా! ఆదివారమున ఒక్క గంట మాకు దయచేయుడు. ఆంగ్లము చదువగల ఉపాధ్యాయుడొకడు, గల్ఫునుండి మరలివచ్చిన అనుభవశాలి యొకడు, వడ్డీలెక్క తెలిసిన దుకాణదారొకడు, ఈ మువ్వురు చాలుదురు. కాగితము తెచ్చుకొన్నవానికి దానిని తెలుగులో చదివి వినిపించవలెను. ఏజెంటు పేరు ప్రభుత్వపు పట్టికలో నున్నదో లేదో ఫోనులోనే చూడవలెను. జీతమును, అప్పును పలకమీద వేసి చూపవలెను. పొమ్మనియు చెప్పరాదు, వలదనియు చెప్పరాదు. అది వాని యిష్టము. వచ్చువానిని భార్యతో గూడ రమ్మని చెప్పి, ఆమెకును ఒక కుర్చీ వేసి యుంచవలెను.